పోపుల పెట్టె, బియ్యం డ్రమ్ము, ఇంట్లో కంప్యూటరు

 

ఈ నెల విషయం చూడగానే కొందరు "ఇది మా వారి డిపార్ట్‌మెంటు" అనుకుని పక్క శీర్షికకి వెళ్ళిపోతారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. ఇంట్లో కంప్యూటరు ఎవరు కొన్నా, ఎవరు బిగించినా, అది మొరాయించే వేళకి దాని ఎదురుగా ఉండేది చాలా ఇళ్ళల్లో మనమే. పిల్లల హోంవర్కు, ట్యాక్సు కాగితాలు, పాస్‌పోర్టు స్కాన్లు, అమ్మానాన్నల పాత ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. అందుకని ఈసారి లినక్స్ కంప్యూటరుకి ప్రాణం లాంటి రూట్ ఫైల్ సిస్టమ్‌ని లాజికల్ వాల్యూమ్ మీద పెట్టుకోవడం గురించి చెబుతాను. పేరు వినడానికి బరువుగా ఉంటుంది గానీ, లోపల ఉన్న ఆలోచన మన వంటింట్లోదే.

ఇప్పుడే ఎందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 లాంటివి చాలా పాత ల్యాప్‌టాపుల్లో లేవు. శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాన్ని పారెయ్యడానికి మనకి మనసొప్పదు కదా, పెరుగు డబ్బాలే కడిగి దాచుకునేవాళ్ళం! అలా మా స్నేహితుల ఇళ్ళల్లో కొన్ని పాత ల్యాప్‌టాపులు ఉబుంటుకో, మింట్‌కో, ఫెడోరాకో మారాయి. ఆ లినక్స్ ఎక్కించేటప్పుడు చాలావాటిలో "ఎల్‌వీఎం వాడమంటారా?" అని ఎక్కడో ఒక మూల అడుగుతుంది. దాన్ని చదవకుండానే ముందుకి నొక్కేసేవాళ్ళే ఎక్కువ. నిజానికి తర్వాతి అయిదేళ్ళలో మనకి ఎంత తలనొప్పి ఉంటుందో ఆ ఒక్క గడి మీద చాలావరకు ఆధారపడుతుంది.

పోపుల పెట్టె కష్టాలు

డిస్కుని వాడుకునే పాత పద్ధతి పార్టిషన్లు. అచ్చం మన పోపుల పెట్టె లాంటిది. ఆవాలకి ఒక గిన్నె, జీలకర్రకి ఒకటి, మినప్పప్పుకి ఒకటి. గిన్నెల సైజు పెట్టె కొన్నరోజే ఖాయమైపోతుంది. ఆవాల గిన్నె నిండి పొర్లుతున్నా, పక్కన మెంతుల గిన్నెలో ఉన్న ఖాళీ దానికి అక్కరకి రాదు. పార్టిషన్ కూడా డిస్కు మీద ఇక్కడ మొదలై అక్కడ ముగిసే ఒకే ముక్క. దాన్ని పెంచాలంటే పక్క ముక్కని జరపాలి. జరపాలంటే కంప్యూటరు ఆపి, పెన్‌డ్రైవు మీంచి వేరే లినక్స్‌తో లేపి, వందల జీబీలు అటునుంచి ఇటు మోయించాలి. మధ్యలో కరెంటు పోయిందా, దేవుడి మీద భారం వెయ్యడమే.

ఇక రూట్ అంటే ఏమిటి? లినక్స్‌లో సీ డ్రైవు, డీ డ్రైవు అని ఉండవు. అంతా ఒకే చెట్టు. ఆ చెట్టు మొదలే రూట్. దాని గుర్తు ఒక ఏటవాలు గీత. ప్రోగ్రాములు, సెట్టింగులు, యూజర్ల వివరాలు, కంప్యూటరు రోజూ రాసుకునే లాగ్‌లు అన్నీ దాని కొమ్మలే. ఇంకో డిస్కు తగిలించినా ఆ చెట్టుకే ఎక్కడో ఒకచోట అంటు కట్టాలి.

రూట్ నిండిపోతే కొత్త ఫోటో ఎక్కకపోవడంతో ఆగదు. మనం లాగిన్ అయ్యేటప్పుడు కంప్యూటరు తన అవసరానికి చిన్న చిన్న ఫైళ్ళు రాసుకుంటుంది. వాటికీ చోటుండదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాం, తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ పాస్‌వర్డ్ దగ్గరికే వచ్చేస్తుంది. అందుకే సాగే గుణం అన్నిటికంటే రూట్‌కే ఎక్కువ కావాలి.

బియ్యం డ్రమ్ము సుఖం

ఇప్పుడు బియ్యం సంగతి చూడండి. ఇండియన్ స్టోరు నుంచి 20 పౌన్ల సోనామసూరి బస్తాలు రెండు తెచ్చాం. విప్పి రెండూ ఒకే డ్రమ్ములో పోశాం. అందులోంచి కొలతగిన్నెతో తీసి, ఇన్ని అన్నానికి, ఇన్ని దోసెలకి, ఇన్ని పులిహోరకి అని పక్కన పెట్టుకుంటాం. ఏ గింజ ఏ బస్తాలోదో మనకి అనవసరం. చుట్టాలొస్తున్నారని తెలిస్తే అన్నానికి ఇంకో రెండు గిన్నెలు తీస్తాం. అంతే.

ఎల్‌వీఎం అంటే లాజికల్ వాల్యూమ్ మేనేజర్. అది చేసేదీ ఇదే. బస్తా స్థానంలో ఉన్నది ఫిజికల్ వాల్యూమ్, అంటే అసలు డిస్కు గానీ, అందులో ఒక పార్టిషన్ గానీ. డ్రమ్ము పేరు వాల్యూమ్ గ్రూప్. కొలతగిన్నె పేరు ఎక్స్‌టెంట్, మామూలుగా 4 మెగాబైట్లు పడుతుంది. కొలిచి పక్కన పెట్టినది లాజికల్ వాల్యూమ్. రూట్‌కి 100 జీబీ ఇచ్చామంటే 25,600 కొలతగిన్నెలు ఇచ్చామన్నమాట. ఆ గిన్నెలన్నీ డిస్కు మీద పక్కపక్కనే ఉండాలన్న నియమం లేదు. ఏది ఎక్కడుందో రాసిపెట్టిన పట్టిక ఒకటి ఉంటుంది. లినక్స్ కెర్నెల్‌లో డివైస్ మ్యాపర్ అనే భాగం ఆ పట్టికని బట్టి, అడిగిన సమాచారాన్ని సరైన చోటునుంచి తెచ్చిస్తుంది. పైన ఉన్న ప్రోగ్రాములకి మాత్రం అది ఒకే పెద్ద డిస్కులా కనబడుతుంది.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది అనుకోకండి. ఐబీఎం 1990లో ఆర్‌ఎస్ 6000 యంత్రాలతో తెచ్చిన ఏఐఎక్స్‌లో ఇలాంటి ఏర్పాటు ఉంది. హెచ్‌పీ వాళ్ళ యూనిక్స్‌లోనూ ఉండేది. దాన్ని నమూనాగా తీసుకుని హైన్జ్ మావెల్స్‌హాగెన్ అనే ప్రోగ్రామరు 1998లో లినక్స్‌కి ఎల్‌వీఎం రాశారు. ఆ పని మిన్నియాపొలిస్‌లోని సిస్టీనా సాఫ్ట్‌వేర్‌లో సాగింది. 2003 డిసెంబరులో ఆ కంపెనీని నార్త్ కరోలినా రాలీలో ఉన్న రెడ్ హ్యాట్ కొంది. 2019 జూలైలో రెడ్ హ్యాట్‌ని ఐబీఎం 34 బిలియన్ డాలర్లకి కొంది. ఆ కొనుగోలులో ముఖ్యపాత్ర వహించిన అరవింద్ కృష్ణ 2020 ఏప్రిల్‌లో ఐబీఎం సీఈఓ అయ్యారు. ఆయన పుట్టింది మన పశ్చిమ గోదావరి జిల్లాలో. చూశారా, ఏదో మనకి సంబంధం లేని విషయం అనుకున్నది తిరిగి తిరిగి మన జిల్లాకే వచ్చింది!

బీరువా తాళంచెవి బీరువాలోనే ఉంటే?

ఫోటోలకో, సినిమాలకో లాజికల్ వాల్యూమ్ వాడటం తేలిక. రూట్‌కే వాడాలంటే ఒక చిక్కుముడి ఉంది. డ్రమ్ములో ఏ గిన్నెలు రూట్‌వో తెలియాలంటే ఆ పట్టిక చదివే ఎల్‌వీఎం ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రాము ఉండేది రూట్‌లో. రూట్ ఉన్నది డ్రమ్ములో. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టయింది కదా?

దీనికి లినక్స్ వాళ్ళు పెట్టుకున్న ఉపాయం పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. తలుపు తీయడానికి సరిపడా పనిముట్లు మాత్రమే ఉన్న చిన్న చేతిసంచి అనుకోండి. దాన్ని కెర్నెల్‌తో పాటు బూట్ అనే చిన్న పార్టిషన్‌లో, డ్రమ్ముకి బయట ఉంచుతారు. దానికి ఒకటి రెండు జీబీలు చాలు. పవర్ బటన్ నొక్కాక జరిగే వరస ఇది: ముందు మదర్‌బోర్డు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని చదువుతుంది. అక్కడినుంచి గ్రబ్ అనే బూట్ లోడర్ లేస్తుంది. గ్రబ్ వెళ్ళి కెర్నెల్‌నీ, చేతిసంచినీ మెమరీలోకి తెస్తుంది. సంచిలో ఉన్న ఎల్‌వీఎం పనిముట్టు డిస్కులన్నీ వెతికి, వాల్యూమ్ గ్రూప్‌ని మేల్కొలిపి, రూట్‌ని తగిలిస్తుంది. అప్పుడు సంచి తన పని అయిపోయిందని పక్కకి తప్పుకుంటుంది. ఇదంతా మనం కాఫీ కలుపుకునేలోపు అయిపోతుంది.

ఇప్పటి గ్రబ్‌కి లాజికల్ వాల్యూమ్‌ని చదవడం వచ్చు. అయినా బూట్‌ని విడిగా, మామూలు పార్టిషన్‌గా ఉంచడమే నాకు నచ్చుతుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు వెతకడం తేలిక. ఈఎఫ్‌ఐ పార్టిషన్ మాత్రం ఎలాగూ బయటే ఉండాలి. దాన్ని చదివే మదర్‌బోర్డుకి ఎల్‌వీఎం అంటే ఏమిటో తెలియదు.

ఎప్పుడైనా తెరమీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ఒక్క మాట కనిపించి, పక్కన గీత మిణుకుమిణుకుమంటూ ఆగిపోతే కంగారు పడకండి. కంప్యూటరు చేతిసంచి దాకా వచ్చి, రూట్ దొరక్క గుమ్మంలో నిలబడిందని అర్థం. ఫైళ్ళు పోయాయని దానర్థం కాదు. అక్కడ ఎల్‌వీఎం అని కొట్టి, ఖాళీ వదిలి, వీజీఛేంజ్ అని, దాని పక్కన హైఫన్ ఏ వై అని కొడితే గ్రూప్ మేల్కొంటుంది. తర్వాత ఎగ్జిట్ అని కొడితే చాలాసార్లు బండి కదులుతుంది. లోపలికి వెళ్ళాక ఉబుంటు, మింట్‌లలో అయితే అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో, ఫెడోరాలో అయితే డ్రాకట్‌తో ఆ సంచిని మళ్ళీ సర్దించాలి. లేకపోతే రేపు పొద్దున్నా గుమ్మంలోనే ఆగుతుంది.

ఇదంతా అవసరమా అనిపిస్తే మీ చేతిలో ఉన్న ఫోను చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, అంటే 2019 నుంచి, కొత్తగా వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో సూపర్ అనే ఒక పెద్ద పార్టిషన్ ఉంటుంది. సిస్టమ్‌కి కావలసిన భాగాలన్నీ దాంట్లోంచే లాజికల్ పార్టిషన్లుగా తీసుకుంటారు. ఫోను మొదలయ్యేటప్పుడు మెమరీలోకి వచ్చిన చిన్న ప్రోగ్రాము వాటిని జతచేసి తగిలిస్తుంది. అక్కడ ఎల్‌వీఎం ఉండదు గానీ, కింద పనిచేసేది అదే డివైస్ మ్యాపర్. అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక భాగం పెరిగితే పక్కదాన్నుంచి చోటు సర్దుకోవడానికే ఈ ఏర్పాటు. మనం రోజూ జేబులో పెట్టుకు తిరిగేదాన్ని బల్లమీద కంప్యూటరులో వాడటానికి భయమెందుకు?

ఒక చలికాలం సాయంత్రం

మా కమ్యూనిటీలో నన్ను అక్కా అని పిలిచే ఒక అమ్మాయి ఉంది. ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళాయన వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళాడు. అక్కడ 221-జీ కాగితం చేతిలో పెట్టి ఇంకొన్ని పత్రాలు అడిగారు. పాత పే స్టబ్బులు, ట్యాక్సు రిటర్నులు అన్నీ స్కాన్ చేసి ఇంట్లో లినక్స్ కంప్యూటరులో పెట్టుకున్నారు. అక్కడ తెల్లారేసరికి పంపించాలి.

మాకు సాయంత్రం నాలుగున్నర, అక్కడ తెల్లవారుజామున మూడు. ఫోను మోగింది. "అక్కా, పాస్‌వర్డ్ కొడుతుంటే మళ్ళీ అక్కడికే వస్తోంది. ఆయన్ని లేపితే కంగారు పడిపోతాడు. నువ్వేమైనా చూడగలవా?" గొంతులోనే తెలుస్తోంది, ఏడుపు ఆపుకుంటోందని.

"తెర ఎలా ఉందో చెప్పమ్మా. నల్లబడి వెనక్కి వస్తోందా?"

"అవునక్కా."

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కమన్నాను. బొమ్మలు లేని నల్ల తెర వచ్చింది. అక్కడ పేరు, పాస్‌వర్డ్ కొడితే లోపలికి వెళ్ళింది. డీఎఫ్ హైఫన్ హెచ్ అని కొట్టి, ఏటవాలు గీత ఒక్కటే ఉన్న వరస చదవమన్నాను. "వంద శాతం అంటోంది అక్కా." రెండు ఫోన్లనుంచి పిల్లల వీడియోలు అందులోకి చేరీ చేరీ రూట్ నిండిపోయింది. సుడో వీజీఎస్ కొట్టించాను. చివరి గడిలో సుమారు 360 జీబీ ఖాళీ అని వచ్చింది. నాకు సగం బరువు దిగిపోయింది. 500 జీబీ డిస్కులో రూట్‌కి 100 మాత్రమే ఇచ్చి, మిగతాదంతా డ్రమ్ములో అలాగే ఉంచారన్నమాట.

ముందు సుడో ఆప్ట్ క్లీన్‌తో పాత ఇన్‌స్టాల్ ఫైళ్ళు కాస్త తీయించాను. ఎల్‌వీఎం కూడా తను చేసిన మార్పుని రూట్‌లోనే రాసుకుంటుంది, దానికి కాస్త ఊపిరి కావాలి. తర్వాత సుడో ఎల్‌వీఎస్‌తో వాల్యూమ్ పేరు తెలుసుకుని, సుడో ఎల్‌వీఎక్స్‌టెండ్, హైఫన్ చిన్న ఆర్, హైఫన్ పెద్ద ఎల్, ప్లస్ 100 పెద్ద జీ, చివర గ్రూపు పేరు, గీత, వాల్యూమ్ పేరు. ఒక్కో అక్షరం ఫోనులో చెబుతుంటే వెనకాల చిన్నవాడు జ్యూస్ కావాలని ఏడుస్తున్నాడు. ఎంటర్ నొక్కాక కొద్ది సెకన్లలో అయిపోయింది. రీబూట్ చేస్తే మామూలుగా లోపలికి వెళ్ళింది. మొత్తం ఇరవై నిమిషాలు. అందులో ఎక్కువభాగం అక్షరాలు చెప్పడానికే పోయింది. రూట్ మామూలు పార్టిషన్ అయ్యుంటే, ఆ సాయంత్రం పాత వీడియోల్లో ఏవి చెరిపెయ్యాలా అని తల్లి కూర్చుని ఎంచుకోవాల్సి వచ్చేది.

ఆ హైఫన్ చిన్న ఆర్ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎల్‌వీఎక్స్‌టెండ్ ఒక్కటే అయితే గిన్నె పెద్దదవుతుంది, అందులోని ఫైల్ సిస్టమ్‌కి ఆ సంగతి తెలియదు. చిన్న ఆర్ పెడితే ఫైల్ సిస్టమ్‌ని కూడా సాగదీస్తుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండూ కంప్యూటరు నడుస్తుండగానే పెరుగుతాయి.

తగ్గించడం మాత్రం వేరే కథ. ఈఎక్స్‌టీ4ని తగ్గించాలంటే దాన్ని విప్పి పక్కన పెట్టాలి. రూట్ నడుస్తుండగా విప్పడం కుదరదు కాబట్టి పెన్‌డ్రైవు మీంచి లేపాల్సిందే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే తగ్గించే పద్ధతే పెట్టుకోకండి. అందుకే మొదటిరోజే అంతా పంచెయ్యకండి. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలరు ఎల్‌వీఎం ఎంచుకుంటే, 200 జీబీ దాటిన డిస్కులో రూట్‌కి 100 జీబీ మాత్రమే ఇచ్చి మిగతాది గ్రూపులో వదిలేస్తుంది. డిస్కు తక్కువ చూపిస్తోందేమిటని కొందరు గాభరా పడతారు. అది పొదుపు. అవసరమొచ్చినప్పుడు వడ్డించుకోవచ్చు, వడ్డించాక వెనక్కి తీయడమే కష్టం.

ఇంకా ఏం లాభాలు?

మొదటిది, ఇల్లు ఖాళీ చెయ్యకుండా ఇల్లు మారడం. పాత హార్డ్ డిస్కు నెమ్మదిస్తే కొత్త ఎస్‌ఎస్‌డీ కొంటాం. దాన్ని వీజీఎక్స్‌టెండ్‌తో డ్రమ్ములో చేర్చి, పీవీమూవ్ అంటే, కంప్యూటరు నడుస్తుండగానే పాత డిస్కులోని గిన్నెలన్నీ ఒక్కొక్కటిగా కొత్తదానికి చేరతాయి. మధ్యలో పిల్లలు హోంవర్కు చేసుకోవచ్చు. అంతా చేరాక వీజీరెడ్యూస్‌తో పాతదాన్ని బయటికి పంపాలి. బూట్, ఈఎఫ్‌ఐ పార్టిషన్లు డ్రమ్ముకి బయట ఉన్నాయి కాబట్టి వాటిని విడిగా కొత్తదానిమీద పెట్టుకుని గ్రబ్ ఎక్కించాలి. అది చేసేదాకా పాత డిస్కు పీకకూడదు.

రెండోది స్నాప్‌షాట్. పెద్ద అప్‌గ్రేడ్ ముందు రూట్‌కి స్నాప్‌షాట్ తీసి 10 జీబీ కేటాయించామనుకోండి. ఆ తర్వాత రూట్‌లో ఏ ముక్క మారినా, మారకముందు రూపం ఆ 10 జీబీలో దాచుకుంటుంది. అప్‌గ్రేడ్ చెడితే ఎల్‌వీకన్వర్ట్‌తో విలీనం చేయమంటే, రూట్ వాడకంలో ఉంది గనక తర్వాతిసారి లేచేటప్పుడు పాత రూపానికి వెళ్తుంది. బూట్ విడిగా ఉంది కాబట్టి అది వెనక్కి వెళ్ళదు, అప్పుడు గ్రబ్ జాబితాలోంచి పాత కెర్నెల్ ఎంచుకోవాలి. అప్‌గ్రేడ్ బాగుందనిపించగానే స్నాప్‌షాట్ తీసేయాలి. ఆ 10 జీబీ నిండితే అది పనికిరాకుండా పోతుంది.

మూడోది తాళం. ల్యాప్‌టాపు కారులోంచి పోతే దాంట్లో సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే డ్రమ్ము మొత్తానికి ఒకటే తాళం పడుతుంది. లోపల ఎన్ని వాల్యూములున్నా ఒకటే పాస్‌వర్డ్. చేతిసంచి మెమరీలోకి వచ్చాక ముందు అదే అడుగుతుంది. మరిచిపోతే మాత్రం ఎవరూ తీయలేరు.

ఇవి మాత్రం ఆశించకండి

ఎల్‌వీఎం బ్యాకప్ కాదు. స్నాప్‌షాట్ కూడా కాదు, అదీ అదే డ్రమ్ములో ఉంది. డిస్కు పోతే రెండూ పోతాయి. ఫోటోలు ఇంకో డిస్కులో, ఇంకో ఇంట్లో కూడా ఉండాలి.

రెండు డిస్కులు కలిపి ఒకే డ్రమ్ము చేస్తే చోటు పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. రూట్‌లో సగం గిన్నెలు ఒకదానిలో, సగం ఇంకోదానిలో ఉంటే, ఏ ఒక్కటి పోయినా రూట్ లేవదు. ఒక బస్తాలో పురుగు పడితే డ్రమ్మంతా పడినట్టే. అందుకని రూట్‌ని ఒకే డిస్కులో ఉంచి, రెండో డిస్కుకి వేరే గ్రూపు పెట్టుకోవడం మంచిది. చౌక పెన్‌డ్రైవుల్ని ఈ డ్రమ్ములో పొరపాటున కూడా పొయ్యకండి.

గ్రూపుకి మీదైన పేరు పెట్టుకోండి. ఇన్‌స్టాలరు ఇచ్చే పేరే ఉంచితే, రేపు పాత డిస్కుని కొత్త కంప్యూటరుకి తగిలించినప్పుడు ఒకే పేరుతో రెండు గ్రూపులు కనిపించి తికమక పెడతాయి. గోదావరి అనో, కృష్ణ అనో ఇంగ్లీషు చిన్నక్షరాల్లో పెట్టండి. మొదట్లోనే పెట్టుకోవాలి సుమా. నడుస్తున్న రూట్ గ్రూపు పేరు మారిస్తే ఎఫ్‌ఎస్‌ట్యాబ్, గ్రబ్, చేతిసంచి మూడుచోట్లా మార్చాల్సి వస్తుంది.

ఏ గిన్నె ఎక్కడుందో రాసిన పట్టిక నకళ్ళు ఈటీసీ ఫోల్డరులో ఎల్‌వీఎం అనే చోట, బ్యాకప్, ఆర్కైవ్ అని రెండు పేర్లతో ఉంటాయి. ఆ పట్టిక చెడితే వీజీసీఎఫ్‌జీరిస్టోర్ అనే ఆజ్ఞ ఆ నకలుతో బాగుచేస్తుంది. కానీ ఆ నకలు ఉన్నది రూట్‌లోనే. మళ్ళీ బీరువాలో తాళంచెవి! అందుకని వాటిని ఒక పెన్‌డ్రైవులోకి కాపీ చేసి ఉంచండి. కొన్ని కిలోబైట్లే.

అందరికీ ఇది అవసరమా? ఒకటే చిన్న ఎస్‌ఎస్‌డీ, మెయిలు, యూట్యూబు తప్ప వాడకం లేని ల్యాప్‌టాపైతే అంతా ఒకే పార్టిషన్‌గా ఉన్నా నష్టం లేదు. ఫెడోరా డెస్క్‌టాప్ అయితే 2020లో వచ్చిన 33 నుంచి మామూలుగా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడుతోంది. అది ఇలాంటి సర్దుబాటు తనలోనే చేసుకుంటుంది. ఇంటిల్లిపాది ఫోటోలు, వీడియోలు, కాగితాలు ఒకేచోట చేరే కంప్యూటరైతే మాత్రం ఎల్‌వీఎం గడిలో టిక్కు పెట్టమనే నా సలహా.

ఈ నెల ఇంటిపని

మీ ఇంట్లో లినక్స్ ఉంటే ఈ వారాంతంలో కాఫీ కప్పుతో పదిహేను నిమిషాలు కూర్చోండి. డీఎఫ్ హైఫన్ హెచ్, సుడో పీవీఎస్, సుడో వీజీఎస్, సుడో ఎల్‌వీఎస్ ఈ నాలుగూ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టి చూడండి. ఇవి చూపించడమే తప్ప దేన్నీ మార్చవు, ధైర్యంగా కొట్టొచ్చు. పీవీఎస్ బస్తాల్ని, వీజీఎస్ డ్రమ్ముల్ని, ఎల్‌వీఎస్ తీసి పెట్టిన వాటాల్ని చూపిస్తాయి. చివరి మూడూ ఏమీ చూపించకపోతే మీది మామూలు పార్టిషన్ అన్నమాట.

గ్రూపు పేరు, రూట్ వాల్యూమ్ పేరు, ఎంత ఖాళీ ఉంది, ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4నా ఎక్స్‌ఎఫ్‌ఎస్సా, ఎల్‌వీఎక్స్‌టెండ్ వరస అంతా ఒక కాగితం మీద మీ చేత్తో రాయండి. బీమా కాగితాలు, పాస్‌పోర్టులు పెట్టే ఫైల్లోనే దాన్నీ పెట్టండి. ఎన్‌క్రిప్షన్ ఉంటే ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఒక్కరికే తెలిసిన తాళం, ఆ ఒక్కరూ ఊళ్ళో లేనిరోజున తాళం కాదు, గోడ.

డిగ్రీలో ఫిజిక్సూ కెమిస్ట్రీ చదువుకుని, ఈ దేశం వచ్చాక అవన్నీ అటకెక్కాయని అనుకునేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ల్యాబులో తెలియని ద్రావణం చేతికిచ్చినప్పుడు ఏం చేసేవాళ్ళం? ముందు చూసేవాళ్ళం, కొలిచేవాళ్ళం, రికార్డులో రాసుకునేవాళ్ళం, ఆ తర్వాతే ఏదైనా కలిపేవాళ్ళం. దీనికీ ఆ క్రమమే చాలు.

వచ్చే నెల బ్యాకప్ గురించి మాట్లాడుకుందాం. ఆలోపు ఆ కాగితం రాసి ఉంచండి. ఉంటానండీ.